ఉప్పుబావి ఏ సబ్జెక్టు?

ఆ వార్త నాకు మొట్టమొదట చెప్పింది మా కాలేజీ క్యాంటీన్‌లో టీ కాచే ఆమె. ఉర్దూలో పిన్నిని పిలిచినట్టు అందరం ఖాలా అంటాం. ప్రిన్సిపాల్ గదిలోకి టీ తీసుకుపోయి, అక్కడ ఫోన్‌లో నడుస్తున్న మాటలు విని, ఖాళీ ట్రే చంకలో పెట్టుకుని పరుగులాంటి నడకతో స్టాఫ్‌రూమ్‌కు వచ్చింది. నేను జవాబు పత్రాలు దిద్దుతున్నాను.

"మేడమ్, మీ కోర్సు ఖాయమైపాయనంట! ఆ ఆలూరు పాపకు సంవత్సరం దక్కె. ప్రిన్సిపాల్ సారు నవ్వుతాండాడు. నేను ఈడ చేరినంక ఆయప్ప నవ్వేది సూడ్డం ఇదే."

"నిజంగానా ఖాలా? సరిగ్గా విన్నావా?"

"నా చెవులకేమొచ్చె? అల్లా కసం. మీరు ముందు ఆ ఎర్రపెన్ను పక్కన పెట్టండి. ఈ గాబరాలో ఎవురికో మార్కులు తక్కువ పడతాయి."

పెన్ను పక్కన పెట్టాను. కళ్లు మూసుకున్నాను. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాటా రాలేదు, పెద్ద ఊపిరి మాత్రం వచ్చింది. దేవుడు దాన్నే స్తోత్రంగా తీసుకుని ఉంటాడని అనుకుంటాను.

ఒక కాలేజీలో ఒక కోర్సుకు అనుమతి వస్తే ఇంత ఊరట ఎందుకో చెప్పాలి. కర్నూలులో మాది చిన్న డిగ్రీ కాలేజీ. నిరుడు మా ప్రిన్సిపాల్ ఒక కొత్త డిగ్రీ మొదలుపెట్టాడు. అందులో పిల్లలు సబ్జెక్టుల వారీగా చదవరు. ఒక విషయాన్ని పట్టుకుని దాని చుట్టూ ఉన్నవన్నీ చదువుతారు. మొదటి సంవత్సరానికి మేం ఎంచుకున్న విషయం నీళ్లు. విశ్వవిద్యాలయం అనుమతి వెనకాలే వస్తుందన్న నమ్మకంతో పిల్లల్ని చేర్చుకున్నాం. రాకపోతే ఆ సంవత్సరం లెక్కలోకి రాదు. టౌను పిల్లలు ఇంకో కోర్సులో చేరిపోగలరు. కానీ ఆలూరు వైపు పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయికి ఆ అవకాశం లేదు. ఆ ఇంటివాళ్లు ఏటా మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోతారు. దాన్ని వాళ్లు సుగ్గికి పోవడం అంటారు. కూతుర్ని చేర్చిన రోజు ఆ తండ్రి నాతో అన్నాడు:

"ఒక్క సంవత్సరం సూస్తాం మేడమ్. ఈ సదువు నిలబడితే సరే. నిలబడకపోతే పాప మాతో సుగ్గికి వస్తాది. మళ్లా మొదుటి నుంచి అంటే మాతో కాదు."

కోపంగా అనలేదు. రేపు వాన రాదేమో అన్నట్టు అన్నాడు.

నేను బడికి పోయి చదువుకున్న మనిషిని కాదు. మా నాయన కడప జిల్లా పల్లెల్లో ఉపదేశి. పాస్టరు రాని ఆదివారాల్లో గుళ్లో ప్రార్థన నడిపి, జబ్బుపడినవాళ్ల ఇళ్లకు వెళ్లి, పెళ్లికీ చావుకూ నిలబడే మనిషి. ఒక ఊళ్లో మా సామాను సర్దుకునే లోపలే ఇంకో ఊరికి పంపేవాళ్లు. దానికితోడు నాకు చిన్నప్పటి నుంచి ఆయాసం. దుమ్ము రేగితే ఊపిరి ఆడేది కాదు. ఆ పల్లెల్లో దుమ్ము రేగని నెలంటూ లేదు. అందుకని అమ్మా నాయనే నాకు ఇంట్లో చెప్పారు. పదో తరగతి ప్రైవేటుగా రాశాను. ఆపై చదువంతా దూరవిద్యే.

మా ఇంటి చదువుకు గంట లేదు. లాంతరు చిమ్నీ పగిలిందంటే ఆ రోజు పాఠం అదే. కాలిన గాజు మీద నీటిచుక్క పడితే ఎందుకు పగులుతుంది, గాజు దేనితో చేస్తారు, కొత్త చిమ్నీ సంత నుంచి పగలకుండా ఎట్లా తెచ్చుకోవాలి, అప్పటిదాకా చీకట్లో పాడుకోవడానికి ఏ కీర్తనలు నోటికొచ్చు. ఇవన్నీ ఒకే పాఠం. సాయంత్రం కుటుంబ ప్రార్థనకు ముందు మాకొక అలవాటు ఉండేది. ఆ రోజు తనకు తెలియదని తెలుసుకున్న సంగతి ఒకటి ఒక్కొక్కరూ చెప్పాలి. నాయనా చెప్పేవాడు: "ఈ పొద్దు కమ్మరాయన కొలిమి కాడ కూర్చుంటి. ఇనుము ఎంత ఎర్రగైనంక దెబ్బ కొట్టల్లో నాకు తెలీదు." ఆ తర్వాత, ఆ సంగతి తెలిసిన మనుషుల కోసం స్తోత్రం చెప్పుకునేవాళ్లం. కమ్మరాయన కోసం, మంత్రసాని కోసం, బస్సు కండక్టరు కోసం కూడా. అందరిళ్లల్లోనూ ఇట్లాగే చేస్తారని చాలాకాలం అనుకున్నాను.

దూరవిద్య తరగతులకని మొదటిసారి కర్నూలు వచ్చి ఒక తరగతి గదిలో కూర్చున్నాను. ఒక సారు కరువు గురించి చెబుతున్నాడు. పశువుల్ని అమ్ముకున్న సంగతి దగ్గరికి వచ్చేసరికి గంట కొట్టారు. ఆయన మాట మధ్యలో వదిలి వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన సారు ఇంకేదో మొదలుపెట్టాడు. పక్కన కూర్చున్న ఆమెను "కరువు సంగతి ఏమైంది?" అని అడిగాను. "అది ఎకనామిక్స్ అక్కా, అయిపోయింది" అంది. ఆ మాట విని నాకు నవ్వొచ్చింది, కొంచెం భయమూ వేసింది.

ఇన్నేళ్ల తర్వాత, అదే ఊళ్లో తెలుగు చెప్పే నన్ను ప్రిన్సిపాల్ పిలిచి, కొత్త కోర్సుకు పునాది పేజీ రాయమన్నాడు. సబ్జెక్టుల్ని ఎందుకు కలపాలి, ఏ ఆలోచన మీద నిలబడి కలుపుతున్నారు అన్నది విశ్వవిద్యాలయం వాళ్లు ముందుగా అడుగుతారట. నాకు తోడుగా మా భూగర్భశాస్త్రం సారును వేశాడు. ఆయనది కోయిలకుంట్ల వైపు భూములున్న రైతు కుటుంబం. రాళ్ల మనిషి. దేవుడి మాట వస్తే కిటికీ బయటికి చూసేవాడు.

నేను సంతోషంగా రాసుకొచ్చాను. సృష్టి ఒక్కటే, మన సౌకర్యం కోసం దాన్ని ముక్కలు చేసుకున్నాం, కాబట్టి చదువు కూడా ఒక్కటిగానే ఉండాలి అని. ఆయన చదివి కళ్లజోడు తీశాడు.

"మేడమ్, ఇది ప్రసంగం. బాగుండాది. ఆదివారం సదవండి."

"తప్పేముంది సార్ ఇందులో?"

"తప్పు కాదు, సాలదు. అంతా ఒకటే అంటిరా, ఇంగ ఏదీ సరిగ్గా నేర్సుకోనక్కర్లేదని పిల్లోళ్లు అనుకుంటారు. రాయి సెప్పే సాక్ష్యం వేరే, కథ సెప్పే సాక్ష్యం వేరే. రాయిని సుత్తితో కొట్టి అడగల్ల. కథను కొడితే ఏమొస్తాది? రెండూ ఒకే గిన్నెలో ఏసి గెలికితే సంగటి అయితాది గానీ సదువు కాదు."

"సంగటి మంచిదే కదా సార్."

"తినేదానికి మంచిదే. పిండి యాడుందో నీళ్లు యాడున్నాయో మళ్లా ఇడదీసి సూపియ్యమంటే?"

ఆయన అక్కడితో ఆగలేదు. ఈ కోర్సు చదివితే పిల్లలకు అన్నీ కొంచెం కొంచెం వచ్చి ఏదీ రాకుండా పోతుందని, తనకిది సమ్మతం కాదని కోర్సు కమిటీ ఫైలులో రాసి సంతకం పెట్టాడు. అందరి ముందే పెట్టాడు. కానీ ప్రిన్సిపాల్ మొదలుపెట్టి తీరతానన్నప్పుడు, అందరికంటే కష్టమైన నియమం పెట్టిందీ ఆయనే. ఇందులో పాఠం చెప్పే ప్రతివాళ్లూ మిగతావాళ్ల తరగతుల్లో పిల్లల బెంచీ మీద కూర్చోవాలి. పరీక్షలు కూడా రాయాలి.

"పక్కోళ్ల గడప దాటండని పిల్లోళ్లకు సెప్పేటప్పుడు మనం దాటొద్దా?" అన్నాడు.

అట్లా నేను రాళ్లు నేర్చుకున్నాను. నా మొదటి పరీక్షా పత్రంలో దాదాపు ప్రతి వాక్యం పక్కనా "ఎట్ల తెలుసు?" అని రాసిచ్చాడు. మా ఇంటి చదువులో నాకు ఎన్నో దొరికాయి. ఆ ప్రశ్న మాత్రం దొరకలేదు. ప్రేమగా చెప్పినవాళ్ల మాటను నిజమా అని ఎవరు అడుగుతారు? అడగడం అమర్యాద కాదని అన్నాళ్లకు తెలిసింది. ఆ సాయంత్రం ప్రార్థనలో, నాకు తెలియదని తెలుసుకున్నది అదేనని చెప్పుకున్నాను.

ఆయనేమో నా తరగతిలో చివరి బెంచీలో పొడుగు కాళ్లు మడవలేక బయటికి చాపి కూర్చునేవాడు. పల్లెల్లో బావుల గురించి, వాగుల గురించి చెప్పుకునే కథలు సేకరించడం మా పాఠం. ఒకరోజు ఆలూరు అమ్మాయి తన ఊరి కథ చెప్పింది. వాళ్లకు రెండు బావులు. ఊరివాళ్ల బావి తీపి. వీళ్లుండే క్రైస్తవుల పేట బావి ఉప్పు. రెండింటి మధ్యా ఒక చిన్న గట్టు, అంతే. ఎప్పుడో దాహంతో ఒక సాధువు పేటకు వచ్చి నీళ్లు అడిగితే, ఒకామె పోయనన్నదట. "మీ నీళ్లు మీరే తాగలేకపోదురుగాక" అని ఆయన శపించి పోయాడట.

"అందుకే మాది ఉప్పుబాయి మేడమ్. మా అవ్వ ఇప్పటికీ గుళ్లో మోకాళ్ల మీద కూచ్చోని ఆ యమ్మ పాపం క్షమించమని ప్రార్థన చేస్తాది" అంది ఆ పిల్ల, తన ఇంటి నంబరు చెప్పినంత మామూలుగా.

చివరి బెంచీలోంచి సారు చెయ్యెత్తాడు. "మేడమ్, ఆ బాయి సూడల్ల."

కాలేజీ బస్సులో అందరం వెళ్లాం. ఆయన రెండు బావుల్లోకీ తొంగిచూశాడు, గట్టు పొడవునా నడిచాడు, అక్కడక్కడా వరసగా తేలిన నల్లరాళ్లను సుత్తితో తట్టాడు. తర్వాత పిల్లల్ని చుట్టూ నిలబెట్టుకుని చెప్పాడు. ఆ గట్టు కింద భూమిలోకి నల్లరాతి గోడ ఒకటి నిలువుగా దిగి ఉంది. ఊరి వెనకున్న మెట్ట మీద పడిన వాన నీళ్లు లోలోపలే దిగి వచ్చి గోడకు ఊరి పక్కన ఆగుతాయి. ఏటా కొత్త నీళ్లు చేరుతుంటాయి కాబట్టి ఆ బావి తీపి. పేట పక్కన నీళ్లకు కదలిక లేదు. నల్లరేగడిలో ఉన్న ఉప్పంతా దిగి వాటిలో నిలిచిపోతుంది.

"ఆ గోడ ఎప్పుటిది సార్?" అని అడిగింది అమ్మాయి.

"మనుషులు పుట్టకముందుది."

"అట్లయితే ఆ యమ్మ నీళ్లు పోసింటే గూడా ఉప్పేనా?"

"ఉప్పే."

ఆ పిల్ల ఒక నల్లరాయిని కాలి వేలితో తాకి చూసింది. తర్వాత మెల్లగా, "మా వాళ్ల తప్పు లేదా సార్?" అంది.

ఆయన సుత్తిని గట్టు మీద పెట్టాడు. "లేదమ్మా. ఎవురి తప్పూ లేదు" అన్నాడు. ఆ తర్వాత, పక్కనే నిలబడి వింటున్న అమ్మాయి తండ్రి వైపు తిరిగి, నా తరగతిలో కూర్చున్న విద్యార్థిలాగా ఒక ప్రశ్న వేశాడు.

"ఏమప్పా, బాయి ఈ పక్కనే తవ్వమని మీ పెద్దోళ్లకు ఎవురు సెప్పిరి?"

"సెప్పేదేముండాది సార్. గట్టుకు ఆ పక్క తవ్వనియ్యలేదంట."

"ఎవురు తవ్వనియ్యలేదు?"

ఆయన నవ్వాడు. "మీ అట్లాటి పెద్దోళ్లే సార్."

పిల్లలు నేల చూపులు చూశారు. సారు తల ఊపాడు. "ఊ. మా అట్లాటోళ్లే" అన్నాడు. తర్వాత అమ్మాయితో, "ఎవురి తప్పూ లేదంటిని గదమ్మా. అది రాయి వరకే నిజం. రాసుకో" అన్నాడు.

నేను ఆ గోడ వైపే చూస్తూ నిలబడ్డాను. నా ముఖంలో ఆయనకేం కనిపించిందో గాని, "మేడమ్, దీన్ని మాత్రం కవిత్వం చేయొద్దు. అది ఉత్త రాయి" అన్నాడు.

అమ్మాయి ఇంట్లోకి పరుగెత్తి అవ్వకు చెప్పింది. అవ్వ అంతా విని, "అట్లనా? పాపం, ఏ తప్పూ చేయని దాన్ని క్షమించమని ఇన్నేండ్లు అడుగుతాంటినే. ఇంగ ఆ యమ్మే నన్ను క్షమించల్ల" అంది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. మాకందరికీ మజ్జిగ ఇచ్చింది. ఆ మజ్జిగలో నీళ్లు ఊరి బావివే. ఇప్పుడు తెచ్చుకోనిస్తారని చెప్పింది. దానికీ దేవునికి స్తోత్రం అంది.

తిరుగు ప్రయాణంలో, బస్సు కుదుపుల్లోనే పునాది పేజీని మళ్లీ రాశాం. ఒక శాస్త్రం దగ్గరున్న జవాబుకు ప్రశ్న ఇంకో చోట, ఇంకొకరి దగ్గర ఉండవచ్చు. ఇద్దరూ ఒక గదిలో కూర్చుంటే తప్ప అది బయటికి రాదు. అయితే రాయి సాక్ష్యాన్ని రాయిగానూ కథ సాక్ష్యాన్ని కథగానూ వినాలి, ఒకదాని నోటితో రెండోదాన్ని మాట్లాడించకూడదు. కాబట్టి పిల్లలు ముందు ఒక శాస్త్రాన్ని గట్టిగా నేర్చుకోవాలి, అక్కడ నిలబడి పక్కవాళ్లను అడగడం నేర్చుకోవాలి. ఇదీ సారాంశం. 'సృష్టి ఒక్కటే' అన్న నా వాక్యాన్ని ఆయన కొట్టేయలేదు. పక్కన 'అని మేడమ్ నమ్మకం' అని చేర్చాడు. నేనే ఆ వాక్యం తీసేశాను. నమ్మకం నాది, పేజీ ఇద్దరిదీ. అయినా ఫైలులో తన అసమ్మతిని మాత్రం ఆయన వెనక్కి తీసుకోలేదు. నేను అడిగాను కూడా. "సూద్దాంలే మేడమ్" అన్నాడు.

విశ్వవిద్యాలయం పెద్దలు చూడడానికి వచ్చిన రోజు నా తరగతే జరుగుతోంది. వాళ్లలో పెద్దాయన ముందు బెంచీలో ఉన్న ఆలూరు అమ్మాయిని లేపాడు.

"నీ మెయిన్ సబ్జెక్టు ఏదమ్మా?"

"ఇంగా తెలీదు సార్."

నిజమే చెప్పింది. మొదటి ఏడాది చివర్లోనే ఎంచుకోవాలన్నది మా పద్ధతి. ఆ సంగతి వివరించే ధైర్యం ఆమెకు లేదు. నేను చెప్పబోయే లోపలే పెద్దాయన ప్రిన్సిపాల్ వైపు చూసి ఫైలు తెరిచాడు. "మీ సీనియర్ లెక్చరరే వద్దని రాశారు కదా. ఆయన ఎక్కడ?"

ప్రిన్సిపాల్ చివరి బెంచీ వైపు చెయ్యి చూపించాడు.

"ఆయనా? ఎవరో పిల్లల తండ్రి వచ్చి కూర్చున్నాడనుకున్నాను."

సారు విద్యార్థి లేచినట్టే లేచి నిలబడ్డాడు.

"ఆ రాసింది నేనే సార్. అన్నీ కలిపి పిల్లోళ్లకు ఏదీ రాకుండా చేస్తారేమో అని భయపడితి. ఆ భయం ఇప్పుటికీ ఉండాది. కానీ ఈ పాప ఊళ్లో ఉప్పుబాయి కాడి నల్లరాయి గురించి నాకంతా తెల్సనుకుంటి. దాన్ని ఏమడగల్లో నాకు తెలీదు. మావాళ్ల తప్పు లేదా అని ఈ పాప అడిగె. నా సర్వీసులో ఆ రాయిని ఎవురూ ఆ ప్రశ్న అడగలే. జవాబు నా కాడ, ప్రశ్న ఆ పాప కాడ. వేరేవేరే గదుల్లో కూచ్చోనుంటే ఇద్దురికీ తెలీకుండానే పోతాంటిమి."

"అయితే మీ అభ్యంతరం వెనక్కి తీసుకుంటారా?"

"తీసుకోను సార్."

అమ్మాయి బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

"ఆ భయం ఎవురో ఒకరికి ఉండల్ల. లేకపోతే ఈ కోర్సు సెడిపోతాది. అది ఫైల్లోనే ఉండనీండి. కోర్సు మాత్రం ఆపొద్దండి."

పెద్దాయన ఫైలు మూసి పక్క గదికి వెళ్లాడు.

తర్వాత వారాలు గడిచాయి. సుగ్గి దగ్గరపడింది. అమ్మాయి తండ్రి ఫోన్ చేశాడు. "మేడమ్, లారీ మాట్లాడుకుంటాండాము. పాపకు గూడా సోటు పెట్టమనల్నా?" ఇంకొన్నాళ్లు ఆగమని బతిమాలాను. "ఆగుతా గానీ లారీ ఆగదు మేడమ్" అన్నాడు. ఆ రోజుల్లో నా ప్రార్థన చాలా చిన్నదైపోయింది. ఆ పిల్ల పేరు చెప్పి ఊరుకునేదాన్ని. సారు మీద లోపల కొంచెం కోపం కూడా ఉండేది. ఒక్క మాట, తీసుకుంటానని ఒక్క మాట అంటే ఏం పోయేది అని.

ఖాలా వార్త తెచ్చిన మధ్యాహ్నం అనుమతి పత్రం కూడా వచ్చింది. తన మీద వచ్చిన అభ్యంతరాన్ని దాచకుండా ఫైలులో ఉంచుకున్న కోర్సును నమ్మవచ్చని, ఆ అభ్యంతరాన్ని ఏటా పాఠాల సమీక్షలో ముందుగా చదవాలని అందులో రాశారు. నాలో మిగిలిన ఆ కొంచెం కోపం అక్కడే సిగ్గుపడి వెళ్లిపోయింది.

అమ్మాయిని వెతికితే లైబ్రరీ మెట్ల మీద దొరికింది. చెబితే నన్ను వాటేసుకోలేదు, ఏడవలేదు. "సార్‌కు సెప్పినారా?" అని అడిగింది. ఆమె ఎదుటే తండ్రికి ఫోన్ చేశాను.

"అన్నా, లారీలో పాపకు చోటు వద్దు."

అవతల లారీ హారన్ వినిపించింది. "సరే మేడమ్" అన్నాడు. ఆ తర్వాత, "అయితే పాప దుప్పటి దించేస్తా" అన్నాడు. అంతదాకా ఆ దుప్పటి లారీలోనే ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ అమ్మాయి ఈ ఏడాది తన ప్రధాన శాస్త్రంగా భూగర్భశాస్త్రాన్ని ఎంచుకుంది. కథల తరగతి మానలేదు. ఆమెకు రాళ్లు చెప్పే సారు మాత్రం ఇప్పుడు కాలేజీలో లేడు. ఉద్యోగ విరమణ చేసి కోయిలకుంట్ల వెళ్లాడు. గొంతులో ఒక గడ్డ తీశారు. పరీక్షలో భయపడాల్సింది ఏమీ లేదని తేలింది, దేవునికి స్తోత్రం. కానీ కొన్ని నెలలు మాట్లాడకూడదన్నారు. అయినా వీలైనప్పుడు బస్సెక్కి వచ్చి, చివరి బెంచీలో కూర్చుని, పలక మీద ప్రశ్న రాసి ఎత్తి పట్టుకుంటాడు. ఆ పిల్ల లేచి జవాబు చెబుతుంది.

ప్రార్థన అలవాటున్నవాళ్లు మీ ప్రార్థనలో ఆయన్ను జ్ఞాపకం చేసుకోండి. అలవాటు లేనివాళ్లు మీకు తోచిన విధంగా జ్ఞాపకం చేసుకోండి. ఆయన గొంతు ఆయనకు తిరిగి రావాలి.